నేను తప్పు పాడిన చరణం

మా సంగీతం సారు కీర్తనలు కట్టేటోళ్లు. తహసీల్ ఆఫీసుల గుమాస్తా నౌకరి చేసుకుంట, బస్సు ఎక్కి దిగేటి నడుమ రాగాలు వెతుక్కునేటోళ్లు. పుట్టింది న్యాల్‌కల్ దిక్కు, జొన్న చేన్లు తప్ప ఇంకేం లేని ఊర్ల. పట్నంల ఒక విద్వాంసుని ఇంట్ల నీళ్లు మోసి, బట్టలుతికి సంగీతం నేర్చుకొని వచ్చిన్రు. రేడియోల ఆయన పాటలు రెండుమూడుసార్లు వచ్చినయి. అంతే. ఇయ్యాల జహీరాబాద్‌ల ఎవరినన్న అడుగుండ్రి, గసొంటాయన ఒకాయన ఉండె అని గూడ తెల్వదు. తలుచుకుంటె నాకు ఒళ్లు మండుతది.

సారుకు ఒక అలవాటు ఉండె. తోవల పోతుంటె కొత్త వరస ఏదన్న తట్టిందనుకోండ్రి, ఇంటికి పోయి కాయితం మీద పెట్టేదాక ఎవరితోని మాట్లాడకపోయేటోళ్లు. నోరు తెరిస్తె జారిపోతదని ఆయన భయం. నమస్తె పెట్టినా పలకకపోతె, ఎంత పొగరో ఈయనకు అని ఊరోళ్లు గులుగుకునేది. సారు భార్య మాత్రం గడప కాడి నుంచే ఆయన మొకం చూసి, నోటుబుక్కు, పెన్ను పీట మీద పెట్టి పక్కకు జరిగేది. అది చూసి నేను నవ్వుకునేదాన్ని.

నాకు పందొమ్మిదేండ్లప్పుడు ఒక కార్తీక సోమవారం పొద్దున, ఝరాసంగం గుళ్లె ఆయన కొత్త కీర్తన నేను పాడాలె. హిందోళం రాగం. ఆ గుళ్లె శివుని మీదనే కట్టిన్రు. ఆరు నెలలు దాని మీదనే కూసున్నరు. చరణంల ఒక పాదం పై షడ్జం, అంటె పై 'స' దాక ఎక్కాలె, పాటకు పానమంత ఆడనే ఉంది అని చెప్పి చెప్పి నేర్పిన్రు. అంతమంది ముందట కూసున్నంక నా గొంతు ఎండుకపోయింది. ఆ పాదం కాడికి వచ్చేసరికి పైకి పోవుడు నాతోని కాలె. సగంల ఆగి, ధైవతం, ఆ 'ద' మీద జర నిలబడి, మెల్లగ కిందికి దిగిన. వినేటోళ్లకు ఏం తెల్వలె, మంచిగనే మెచ్చుకున్నరు. నేను సారు దిక్కు చూసిన. ఆయన నా దిక్కు చూడనే లేదు. లేచిన్రు, చెప్పులు తొడుక్కున్నరు, బస్సెక్కి పోయిన్రు. ఒక్క మాట అనలె.

తిట్టినా బాగుండు. ఆరు నెలల కష్టం బుగ్గిపాలు చేసిన, ఇగ నా మొకం చూడరు అనుకున్న. క్లాసుకు పోవుడే బంద్ జేసిన. భయం ఒకటి, పౌరుషం ఒకటి. వారమైనంక ఒకసారి రమ్మని సారు కబురు పంపిన్రు. తిట్టనీకె పిలుస్తున్నరనుకొని, జరం వచ్చిందని అబద్ధం చెప్పి తప్పించుకున్న. తర్వాత నాకు పెండ్లయింది. సారు పట్నంల కొడుకు దగ్గరికి పోయిన్రు, ఆడనే కాలం జేసిన్రు. కోపం వచ్చిందా సారూ అని అడగనీకె ఇగ మనిషే లేరు.

ఇప్పుడు నేనే సంగీతం టీచర్ని. ఆ కీర్తన నా దగ్గరికి వచ్చిన పిల్లలందరికి నేర్పిన. ఆ పాదం కాడ మాత్రం నేను రాక్షసినే. "సారు కట్టినట్లనే పాడాలె, మీ ఇష్టమొచ్చినట్ల కాదు" అని ఇరవైసార్లు పాడిపిస్త. పోయిన ఏడు ఒక పిల్ల అచ్చం నా తీర్గనే సగంల ఆగి కిందికి దిగింది. ఎంత తిట్టిన్నో, ఏడ్సుకుంట ఇంటికి పోయింది.

మొన్న సారు మనుమరాలు వచ్చి ఆయన నోటుబుక్కులు నా చేతుల పెట్టింది. శనివారం నా దగ్గర నేర్చుకునే పిల్లలు సారు కీర్తనలు పాడేదుంది, అసలు రాతతోని సరిచూసుకోండ్రి అన్నది. తెరిస్తె అంత ఉర్దూ. సారు చదువు ఉర్దూలనే అయింది, తెలుగు పాటలు గూడ ఆ అక్షరాలల్లనే రాసుకునేటోళ్లు. పేజీ పైన పాట పేరొక్కటే తెలుగుల ఉంది. నేను గుళ్లె పాడిన కీర్తన పేజీ దొరికింది. దాంట్ల ఒక లైను కొట్టేసి, పైన ఎర్ర సిరాతోని ఏందో రాసి ఉంది. పక్కన ఇంకో నాలుగు ముక్కలు. నన్ను తిట్టి రాసిందే అనుకున్న. రెండు రోజులు ఆ బుక్కు మల్ల తెరవలె.

మూడో రోజు, కానీ ఏదైతె అదైతది అని, మా గల్లీ చివర్ల ఉండే పట్వారీ తాత దగ్గరికి పోయిన. పాత పహాణీలు, అంటె భూముల లెక్కలు, ఉర్దూల రాసిన మనిషి. సంగీతం అంటె ఓనమాలు గూడ తెల్వదు. అద్దాలు పెట్టుకొని సర్వే నంబర్లు చదివినట్ల చదివిండు.

"కొట్టేసిన దాంట్ల మ, ద, ని, స అని ఉంది. పైన ఎర్రగ రాసింది మ, ద, ద, మ, గ, స."

అది నేను దిగిన తోవనే.

"ఆ పక్కన ఏముందో చదువు తాతా" అన్న.

తాత పేజీని జర దూరం పట్టుకున్నడు. "పిల్ల గుళ్లె గిట్ల పాడింది. నా దానికంటె ఇదే బాగుంది. ఇగ గిట్లనే పాడాలె. సోమవారం, బస్సు దిగి ఇంటికి రాంగనె రాసిన." అద్దాలు తీసి నా దిక్కు చూసిండు. "ఎవరు బిడ్డా ఆ పిల్ల?"

నోరు మూసుకొని, ఎవరితోని మాట్లాడకుండ, ఝరాసంగం నుంచి ఇంటిదాక సారు మోసుకొచ్చింది నా పాదమే. ఆయన అలవాటు తెలిసి గూడ ఇన్నేండ్లు ఉత్తగనే సచ్చిన. తాత ఇంటి అరుగు మీదనే కూసోని ఏడ్సిన, మల్ల నవ్విన. పానం ఎంత తేలికయిందో చెప్పలేను. తాత బెదిరి, కోడలిని పిలిచి నాకు చాయ్ ఇప్పిచ్చిండు.

ఆ చాయ్ తాగి సీదా పోయిన ఏడు ఏడ్సిన పిల్ల ఇంటికి పోయిన. నన్ను చూసి వాకిట్లనే ఆగిపోయింది.

"ఆ పాదం కాడ నువ్వు కిందికి దిగుతుంటివి చూడు, అదే సరైంది. శనివారం నువ్వే పాడాలె" అన్న.

"మల్ల తిట్టరు గద టీచర్?" అన్నది.

"తిట్టను బిడ్డా" అన్న. "ఒక్కసారి పాడు, నేను గూడ నీతోని పాడుత."