ఇల్లుబండికి ఈశాన్యం

ఆ రోజుల్లో నాకు గోడ కట్టడం వచ్చు, అబద్ధమాడడం వచ్చు, చదవడం మాత్రం రాదు. (అక్షరాలు దిద్దింది యాభై దాటాక. అబద్ధాలు అంతకుముందే మానేశాననుకోండి, చాలావరకు.) హైటెక్ సిటీ వైపు అద్దాల మేడలు అప్పుడప్పుడే లేస్తున్నాయి, గోపన్‌పల్లిలో ఇంకా బండలూ తుప్పలే. అక్కడ స్థలం కొన్న కడప సాఫ్ట్‌వేర్ సారు ఒకాయన, ఇల్లు పూర్తయ్యేదాకా అక్కడే ఉంటానని ఓ పాత బస్సును ఇల్లుగా మార్పించి తెచ్చాడు. లోపల మంచాలు, గ్యాసు పొయ్యి, మూలన స్నానాల గది. స్థలమేమో వాలు. "దీన్ని కదలకుండా, సమంగా నిలబెట్టు. సరిగ్గా చేస్తే ఇంటి పనికి నువ్వే మేస్త్రీవి," అన్నాడు. పదేళ్ళుగా ఇంకొకరి కింద తాపీ పట్టినవాణ్ణి. మేస్త్రీ అని పిలిపించుకోవడం నాకెంత అవసరమో మా ఆవిడకు తెలుసు. (మేస్త్రీనని చెప్పే ఆమెను చేసుకున్నాను.)

బస్సుకు నాలుగు మూలలా నాలుగు జాకీలు. తయారుచేసిన షెడ్డువాళ్ళు బండిని ఎలా నిలబెట్టాలో తెలుగులోనే రాసి తలుపు పక్కన ఓ కాగితం అంటించారు. సారు దాన్ని చదవమంటే, ఎదురుగా నిలబడి పెదాలు కదిపాను, రెండుసార్లు తల కూడా ఊపాను. "చదివినావా?" అన్నాడు. "చదివిన సార్," అన్నాను. చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు అడ్డం పెట్టి, జాకీల కింద పలకలు వేసి, లోపల నేల మీద రసమట్టం ఉంచితే బుడగ చక్కగా మధ్యకొచ్చి నిలబడింది. అక్కడితో ఆగితే ఈ కథే లేదు. నా చెయ్యి ఊరుకోలేదు. మంచం ఉంది, పొయ్యి ఉంది, ఇది ఇల్లే కదా; ఈశాన్యం పల్లంగా లేని ఇల్లు కట్టి ఏ మేస్త్రీ బాగుపడ్డాడు? నైరుతి మూల జాకీని ఇంకో రెండు వేళ్ళు లేపి, అడగకుండానే మేలు చేశానని మురిసిపోతూ ఇంటికెళ్ళాను.

తెల్లారి వెళ్ళేసరికి బస్సులో సారు వాళ్ళమ్మ పెనం ముందు నిలబడి ఉంది. "ఏమప్పా, పిండి యాడ పోసినా ఒక్క తట్టుకే పోతాంది," అని దోసె ఎత్తి చూపించింది. ఒక అంచు కాగితం, ఇంకో అంచు రొట్టె. సారు ముఖం చూసి నేను ఈశాన్యం సంగతి విన్నవించుకున్నాను. పెద్దమ్మ దోసె పక్కన పెట్టి, "బండికి గూడా వాస్తు జూసినాడు, బుద్ధిమంతుడు," అంది.

"రేపు బండి తిప్పి పెడితే ఈశాన్యం యాడికి పోతాదమ్మా?" అన్నాడు సారు. నిజమే, అది నాకు తట్టలేదు. ఆయన నావైపు తిరిగి, "కాగితంలో అట్లా రాసుంటే చదువు, వింటా," అన్నాడు.

మళ్ళీ పెదాలు కదపబోయాను. ఈసారి కదల్లేదు. "నాకు చదువు రాదు సార్," అన్నాను. మేస్త్రీగిరీ అక్కడే మట్టిలో కలిసిందనుకున్నాను.

ఆయన తలుపు దగ్గరికి నడిచాడు. తనే కాగితం చదివాడు: నాలుగు మూలలూ ఒకే ఎత్తున ఉండాలట. "నిన్ననే చెప్పింటే నిన్ననే చదివేవాణ్ణి కదా. పో, దించు."

దించాను. బుడగ మధ్యకొచ్చింది, పెద్దమ్మ పోసిన దోసె గుండ్రంగా వచ్చింది. దాన్ని నాకే పెట్టింది. నేను తింటుంటే సారు అన్నాడు: "ఇంటి ఈశాన్యం నువ్వు చూసుకో మేస్త్రీ. బండి జోలికి మాత్రం పోవద్దు."

మొన్న మా వీధిలో ఎవరిదో కొత్త ఇల్లుబండి ఆగింది. జాకీ పక్కన కాగితం కనబడగానే కాళ్ళు అటే పోయాయి. ఇప్పుడు అక్షరాలొచ్చిన మేస్త్రీని కదా అని కళ్ళద్దాలు పెట్టుకుని దర్జాగా వంగాను. అంతా ఇంగ్లీషు.

"ఏంది తాతా, చదివినవా?" అన్నాడు డ్రైవరు.

"నాకు రాదు బిడ్డా. జర నువ్వే చదివి చెప్పు," అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.