నాయన ఎంచిన దొరసాని కుక్క

ఆ రోజుల్లో మా గిద్దలూరు వైపు ఎద్దును కొనబోయేవాళ్లు ముందు నాయనను వెంటబెట్టుకుని పోయేవాళ్లు. పళ్లు చూసి వయసు, సుడులు చూసి గుణం చెప్పేవాడాయన. పామూరు సంతలో ఆయన వెన్ను తట్టి సరేనన్న ఎద్దే మా ఊళ్లో అడుగుపెట్టేది. మాకున్న ఆస్తి కాస్త మెట్ట, ఊరు ఇచ్చే ఆ మర్యాద. మెట్ట ఏ ఏడూ సరిగ్గా పండేది కాదు కాబట్టి మర్యాద మీదే బతికేవాళ్లమని చెప్పాలి.

నేను అప్పుడే అడవి ఆఫీసులో గుమాస్తాగా చేరాను. మా దొరకు బదిలీ అయింది. దొరసాని దగ్గర బుట్టలో పట్టేంత బుల్లి కుక్కలు కొన్ని ఉండేవి, టెరియర్లు అంటారట. బాగా చూసుకుంటామంటే తలా ఒకటి ఇస్తానంది. ఆ మాట వినగానే అర్ధవీడులో గొర్రెల మంద ఉన్న మా మేనమామ ఎగిరి గంతేశాడు. చిరుతపులి తిరిగే చోట మందకు సీమకుక్క కాపలా అంటే మాటలా? ఇక దాన్ని ఎంచవలసింది నాయనే.

నాయన తలగుడ్డ సవరించుకుని బంగళా వసారాలో కూర్చున్నాడు. ఒక్కో కుక్కనూ ఎత్తి, వెన్ను నొక్కి, తోక లాగి చూశాడు. చివరికి ఒకదాని నోరు తెరిచాడు. లోపల బియ్యపు గింజలంత పళ్లు. "పాలపళ్లే అబ్బయ్యా, ఇంకా ఊడలేదు. వెన్ను మీద సుడి సూడు. ఏడాది తిరిగేలోపల దూడంత అవుతాది" అన్నాడు. దొరసాని కంగారుగా పొట్ట దగ్గర చేత్తో సున్నా చుడుతూ ఏదేదో చెప్పింది. (నాకు ఇంగ్లీషు రాయడం వచ్చు గానీ వినడం రాదు.) "ఏమంటాది?" అన్నాడు నాయన. "కడుపు నిండా పెట్టమంటోంది" అన్నాను.

పెట్టాం, మందకు పనికొచ్చేంత పెరిగేదాకా మా ఇంట్లోనే ఉంచుకుని. అమ్మ పెట్టిన సంగటిముద్దను రాణి (అదే దాని పేరు) వాసన చూసి, ముక్కు తిప్పుకుని, నాయన ఒళ్లో ఎక్కి కూర్చునేది. చలికి వణికితే ఆయన తువ్వాలు కప్పేవాడు. ఎద్దులకు ఉడకేసిన ఉలవల్లో దానికీ వాటా తీసేవాడు. నెలకు పైగా మేపినా ఎత్తు మాత్రం పెరగలేదు. మా ఊరి సంతకు వచ్చినప్పుడల్లా మామ తన చెప్పును దాని పక్కన పెట్టి కొలిచేవాడు. "బావా, ఇంకా చెప్పే పెద్దది" అనేవాడు. ఊళ్లో నవ్వులు మొదలయ్యాయి. సేద్యాల కాలం దగ్గరపడితే ఇద్దరు రైతులు నాయనను పిలవకుండానే ఎద్దులకు పోయారు. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

అంతలో రాణి లావెక్కసాగింది. నాయన ముఖం విప్పారింది. "సూస్తిరా, ముందు వెడల్పు పడతాది, ఆమీద ఎత్తు" అని దాన్ని చంకనేసుకుని దుకాణాలన్నీ తిప్పాడు. వారం తిరగకముందే అది గడ్డిగంపలో మూడు పిల్లల్ని ఈనింది. దొరసాని చుట్టిన సున్నా అర్థం నాకప్పుడు తెలిసింది. చూడవచ్చిన వాళ్లలో ఎవరో "పాలపళ్లతోనే ఈనిందే" అన్నారు. నాయన పశువుల కొట్టంలోకి పోయి కూర్చుని, బజారు మొహం చూడడం మానేశాడు.

ఒక పొద్దున మామ వచ్చి కొట్టం గుమ్మంలో గొంతుక్కూర్చున్నాడు. "బావా, ఎద్దుల జత కావాల. పామూరు పోదాం రా."

"నన్నెందుకు పిలుస్తావ్, నలుగురిలో నవ్వించనీకా?"

"కుక్కంటే ఏమార్చింది. ఎద్దు ఈనదు గదా, ఇంగ భయమేంది? లెయ్."

నాయన కొరకొరా చూశాడు. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. ఇద్దరూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు.

సంత నుంచి మంచి జతతో తిరిగొచ్చాడు. పైగా దూడకు కట్టే గంటల పట్టెడ ఒకటి తెచ్చి రాణి మెడకు రెండు చుట్లు చుట్టాడు. "ఇంకా పెరుగుతాదనేనా?" అంది అమ్మ. "పెరిగితే ఒక చుట్టు తీస్తాలే" అన్నాడు, దాని చెవులు నిమురుతూ. ఉద్యోగస్థుణ్ణి కదా, ఆయన మొండితనానికి నేను తల పట్టుకున్నాను. నాకిప్పుడు ఆయన అప్పటి వయసు దాటింది. ఓడిపోయినప్పుడు అంత హాయిగా ఉండడం నాకింతవరకూ చేతకాలేదు. ఆయన అన్న ఆ చుట్టు మాట తలచుకుని నన్ను చూసి నేనే నవ్వుకుంటుంటాను.