యుమీనా కూర్చున్నంతసేపు

మా తిమోర్ కొండల్లో బాలింతను గుండ్రటి గడ్డి గుడిసెలో పడుకోబెట్టి, మంచం కింద నిప్పు పెడతారు. పొగ పోయే దారి ఉండదు. ఆ నిప్పు ఆర్పించడానికే నర్సు యుమీనా ఇన్నేళ్లూ కొండలెక్కి తిరిగింది. ఆమె వస్తుంటే నిప్పు మీద బూడిద కప్పేవారు, వెళ్లగానే ఊదేవారు. అది ఆమెకూ తెలుసు.

నా కాన్పయ్యాక, పక్కలోని పసిబిడ్డ ఆ పొగకు ఎగఊపిరి తీస్తుంటే ఆమె వచ్చి నిప్పు ఆర్పించి, గుమ్మంలో కూర్చుంది.

"చలి సోకితే బాలింత ఒంట్లోని చెడు నెత్తురు, ఆ తెల్లరక్తం తలకెక్కి మా కోడలికి పిచ్చి పడుతుంది. నీకేం, కన్నావా పెంచావా?" అంది మా అత్త.

"పిచ్చి పడితే నేను చూసుకుంటాలే పెద్దమ్మా. ముందు పసివాణ్ణి ఊపిరి పీల్చుకోనీ."

మధ్యాహ్నానికి బిడ్డ తేరుకుని పాలు తాగాడు. అంతలో పక్క కొండ మీద కాన్పు కష్టమైందని కబురొచ్చింది. యుమీనా వెళ్లక తప్పలేదు. వద్దని నేను ఏడుస్తున్నా అత్త మళ్లీ నిప్పు ఊదింది. "నీ ప్రాణం కోసమేనే" అంది. ఆ మాట అబద్ధం కాదు. పొద్దుగూకేసరికి బిడ్డ పోయాడు.

మర్నాడు యుమీనా వచ్చింది. నా రొమ్ముల్లో గడ్డకట్టిన పాలు పిండి, తడిగుడ్డ వేసింది.

ఇప్పుడు నా తోడికోడలికి నెలలు నిండాయి. యుమీనా ఆమె కోసమూ వచ్చి కూర్చుంటుంది. కానీ ఈ కొండలన్నిటికీ ఉన్న నర్సు యుమీనా ఒక్కతే.