సెరిఫ్ కథ

నందిగామలో నేను డీటీపీ నేర్పుతాను. మొదటి రోజు అందరికీ ఒకటే పాఠం. ఇంగ్లీషు అక్షరాల చివర్లలో ఉండే చిన్న గీతను సెరిఫ్ అంటారు. ఆ మాట ఎలా వచ్చిందో కూడా చెప్తాను. రోమ్‌లో ఒక శిల్పి రాతిమీద అక్షరాలు చెక్కుతుంటే ఉలి జారి అంచు చెడిందట, దాన్ని కప్పిపుచ్చడానికి గీత పెట్టాడట, ఆయన పేరే దానికి మిగిలిందట. తెలుగు అక్షరానికి సెరిఫ్ ఉండదు. అయినా మా వైపు శుభలేఖ మొత్తం తెలుగులో ఉన్నా, పెళ్లికొడుకు బీటెక్ మాత్రం ఇంగ్లీషులో సెరిఫ్‌తో పడాలి. లేకపోతే చదువు తగ్గిపోయినట్టు మగపెళ్లివారి మొహాలు మాడతాయి. అందుకే ఈ కథకు ఇక్కడ గిరాకీ.

మొన్నటి బ్యాచ్‌లో, ముక్త్యాల నుంచి బస్సులో వచ్చే అమ్మాయి ఫోన్ చూసి చెయ్యెత్తింది.

"మేడమ్, ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో సరిగ్గా ఎవరికీ తెలీదంట. డచ్ మాటేమో అంటున్నారు. శిల్పి ఊసే లేదండి."

పన్నెండు మంది ముందు నా పరువు గంగలో కలిసింది. "నాకే పాఠం చెప్తావా, కూర్చో" అని గదమాయించాను. ఇంటికెళ్లి నేనూ ఫోన్ చూశాను. పిల్ల చెప్పిందే నిజం. ఒళ్లు మండింది. ఇరవై ఏళ్లుగా అబద్ధం నేర్పుతున్నాను, అదీ ఎంతో ధీమాగా.

ఆదివారం జగ్గయ్యపేట వెళ్లాను. నాకు ప్రెస్సు పనీ ఆ కథా రెండూ నేర్పిన మాస్టారు అక్కడే ఉంటారు. కడిగేద్దామనే వెళ్లాను.

"మాస్టారూ, ఆ శిల్పి ఎవరండి?"

"నాకేం తెలుసమ్మాయ్. చేరిన రోజే అడిగావు, దీన్ని సెరిఫ్ అని ఎందుకంటారని. ఇంటర్ తప్పి వచ్చావు, చూపంతా గుమ్మం వైపే ఉంది. తెలీదంటే లేచి పోతావేమోనని ఏదో అల్లేశా."

"తర్వాతైనా చెప్పొచ్చుగా?"

"నువ్వు మళ్లీ అడగలేదుగా."

దెబ్బలాడటానికి వెళ్లినదాన్ని కాఫీ తాగి వచ్చేశాను.

సోమవారం క్లాసులో, నేను చెప్పింది తప్పు, ఆ మాట ఎలా వచ్చిందో తెలీదు అని ఒప్పుకున్నాను. పిల్లలు తల ఎత్తకుండా అదీ రాసుకున్నారు. ఎవరికోసం చెప్పానో ఆ పిల్ల మాత్రం రాలేదు. మర్నాడూ రాలేదు. ఫోన్ చేస్తే వాళ్లమ్మ ఎత్తింది.

"మాన్పించేశామండి. టీచర్‌కి ఎదురు చెప్పిందంటగా, వాళ్ల నాన్న బాగా కేకలేశారు. మీరేం మనసులో పెట్టుకోకండి, తప్పు మా పిల్లదే."

"కాదమ్మా, తప్పు నాది. తను చెప్పిందే నిజం. పంపించండి" అన్నాను.

"మీరు పెద్దమనసుతో అట్లా అంటారుగానీ" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.