ముప్పైతొమ్మిది మీద ఒకటి

దర్జీ కొట్లో కొలతలు తీసే ఆయన్ని అందరూ టేపన్న అంటారు. నిద్రలో తప్ప మెడలోంచి టేపు దిగదు మరి. ఆయనకు నత్తి. అన్ని అక్షరాలకూ కాదు, ‘న’ దగ్గరే నోరు పెగలదు. అది ఎదురైతే పక్కసందులోంచి జారుకుంటాడు. నడుముని ‘బెల్టు చోటు’ అంటాడు. నలభైని ‘ముప్పైతొమ్మిది మీద ఒకటి’ అంటాడు. వచ్చినవాళ్ళు అదేదో చమత్కారం అనుకుని నవ్వుతారు. ఆయనా నవ్వేస్తాడు.

ఇరవై రెండేళ్ళుగా ఇదే బతుకు. ప్రతి మాటనూ నోట్లోకి రాకముందే తడిమి చూసుకోవాలి, పనికిరాదనిపిస్తే ఇంకోటి వెతుక్కోవాలి. సాయంత్రానికి చేతులు కాదు, బుర్ర వాచిపోతుంది. ఇంటికెళ్ళి గోడకు చేరగిలబడితే, “ఉన్న మాటలన్నీ కొట్లోనే ఖర్చుపెట్టేసి వస్తావేం?” అని భార్య దెప్పుతుంది. ‘నిజమే’ అందామనుకుంటాడు. అదీ ‘న’తోనే మొదలవుతుంది. ఊరుకుంటాడు.

ఇన్నాళ్ళూ గుడ్డ కత్తిరించేదీ ఆయనే కాబట్టి బండి నడిచింది. ఆయన చెప్పే కొలతల్ని పుస్తకంలో ఓనరు ఎలా రాసుకున్నా, ఆయన చేతికి సరైన కొలత తెలుసు. రెండు నెలల కిందట భుజం పట్టేసి, కత్తెర ఇంకొకామె చేతికి వెళ్ళింది. ఆమె పాపం పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కత్తిరిస్తుంది. ఓనరేమో హడావిడిలో ముప్పైతొమ్మిది రాసుకుని, ‘మీద ఒకటి’ని చమత్కారం కింద వదిలేస్తాడు.

ఒక్క వారంలో ఆరు చొక్కాలు ఛాతీ దగ్గర బిగుతని వెనక్కి వచ్చాయి.

“చేతకాకపోతే ముందే చెప్పాలమ్మా. రేపట్నుంచి రావద్దులే,” అన్నాడు ఓనరు, కొట్టు నిండా జనం ఉండగానే.

“పుస్తకంలో ఉన్నట్టే కత్తిరించానండీ. అన్నా, నువ్వైనా చెప్పు. నువ్విచ్చిన కొలతే కదా?” అందామె.

నోరు మూసుకుంటే టేపన్న గుట్టు దాగుతుంది, ఆమె ఉద్యోగం పోతుంది. ఇంత చిన్న సంగతి తేల్చుకోవడానికి కూడా ఆయన చాలాసేపు తీసుకున్నాడు, సిగ్గులేకుండా. చివరికి ఆయన్ని లేపింది ధైర్యమేం కాదు. ఇంకో దొంగదారి వెతికే ఓపిక లేకపోయింది, అంతే.

“తప్పు ఆమెది కాదు. ఆ కొలత... న... న...”

ఎవరో జాలిపడి, “ముప్పైతొమ్మిది మీద ఒకటేనా అన్నా?” అని మాట అందించారు. టేపన్న చెయ్యెత్తి ఆపాడు. ఈసారి పారిపోలేదు. చెమటలు కారుతున్నా ఆ ‘న’ దగ్గరే నిలబడ్డాడు.

“న... నలభై. న... నాకు న... నత్తి.”

ఆ జబ్బుకు ఆ పేరు పెట్టినవాడెవడో గాని, దొరికితే రెండు తగిలించాలి.

ఓనరు తలెత్తకుండా పుస్తకం తిరగేసి, ఆరు చోట్లా ముప్పైతొమ్మిది కొట్టేసి నలభై రాశాడు. ఆమె కళ్ళు తుడుచుకుని కత్తెర అందుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో టేపన్న గోడకు చేరగిలబడ్డాడు. భార్య అలవాటుగా అదే మాట అంది.

“న... న... నిజమే,” అన్నాడాయన.

ఆవిడ చేతిలో పని పక్కనపెట్టి, వచ్చి ఎదురుగా కూర్చుంది.