బిగపట్టకు చెల్లె

గాజులక్క పోయింది. నిన్న పొద్దున మేం కిరాణా కొట్టు షట్టరు ఎత్తుతుంటే ఎదురింటి నుంచి బావ చెప్పుల్లేకుండా వచ్చాడు. "జర రామ్మా, మీ అక్క లేస్తలేదు" అన్నాడు. పోయి చూస్తే పక్కకు తిరిగి, నిద్రపోతున్నట్టే ఉంది. నిద్రలోనే పోయిందట, మహాతల్లి.

నాకామె రక్తసంబంధం కాదు. తెలుగు సరిహద్దు దాటగానే వచ్చే కోంటా బజారులో మాకు ఎదురుగా గాజుల కొట్టు ఆమెది. సంతరోజు అడవి ఊళ్ళ నుంచి వచ్చే ఆడవాళ్ళతో వాళ్ళ దోర్లీ భాషలో, ఆఫీసర్ల భార్యలతో హిందీలో మాట్లాడేది, నాతో మాత్రం తెలుగులో తిట్లు. చెయ్యి పట్టుకుంటే ముందు కణుపులు మెల్లగా పిసికేది. "ఇయ్యాల ఏం కూర?" అని అడిగేది. జవాబు చెప్పేలోపు గాజు ఎక్కేసేది. ఎవరైనా బిర్రబిగుసుకుంటే, "బిగపట్టకు చెల్లె. బిగపట్టినోళ్ళకే గాజు పగులుతది, వాళ్ళకే గుచ్చుకుంటది" అనేది. నా చేతిని చూసి, "ఇది చెయ్యా, రోకలా?" అని నవ్వేది.

కొన్నేళ్ళ కిందట నాకు నెలసరిలో రక్తం ఆగకుండా పోయేది. దంతెవాడలో డాక్టరమ్మ చూసి, గర్భసంచి లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలంది. ఆస్పత్రిలో ఉండక్కర్లేదు, కాసేపట్లో ఇంటికి పోవచ్చు, తిని రా, గంట ముందు ఈ నొప్పి మాత్ర వేసుకో అని చెప్పింది. అన్నిట్లో నాకు వినబడింది 'ముక్క' ఒక్కటే. మా అమ్మకూ ఇట్లాగే రక్తం పోయేది. పరీక్ష నొప్పికి భయపడి వాయిదా వేస్తూ పోయింది. చివరికి చూపించేసరికి జబ్బు ముదిరింది. ఆ సంగతి నాకంటే ఎవరికి తెలుసు? అయినా భయం భయమే.

మా వైపు వాళ్ళు దంతెవాడలో ఏ పని ఉన్నా ముందు పరగడుపున అమ్మవారి దర్శనం చేసుకుంటారు. నేనూ అంతే. తినలేదు కాబట్టి మాత్ర వేసుకోలేదు. కళ్ళు తిరుగుతుంటే ఆస్పత్రిలో బల్ల మీద పడుకున్నాను. ట్రేలో ఏదో ఖంగుమంది. "నహీ మేడమ్" అని దిగి వచ్చేశాను. బయట ఉన్న మా ఆయనతో మళ్ళీ రమ్మన్నారని చెప్పాను.

గాజులక్క నమ్మలేదు. నా చెయ్యి పట్టుకుని, "ఏందే, మంచులెక్క ఉంది?" అంది. చెప్పేశాను. బుజ్జగిస్తుందనుకుంటే, "మీ అమ్మ చేసిన పనే చేస్తున్నవ్. నీ బిడ్డక్కూడ ఇదే నేర్పుతవా?" అంది. నాకు ఒళ్ళు మండింది. లేచి వచ్చేశాను. ఆ వారం సంతరోజున అక్క తన కొట్టుకు తాళం వేసి, చీర మార్చుకుని మా గడపలో నిలబడింది. సంతరోజు తాళం! బజారంతా వింతగా చూసింది.

సుక్మా బస్టాండులో ఇడ్లీ ముందు పెట్టింది. గుడికి పోకుండా తినడమేంటని నేను గునిశాను. "అమ్మవారు యాడికి పోదు. పని అయినంక నిమ్మళంగ మొక్కుదాం. తిని గోలీ ఏసుకో." తిన్నాను, గంట ముందనగా గోలీ కూడా వేసుకున్నాను.

దంతెవాడ ఆస్పత్రి గదిలోకి పోగానే డాక్టరమ్మను అక్కే అడిగింది, "మేడమ్, నొప్పైతే ఆపుతరా?" అని హిందీలో. "తప్పకుండా. చెయ్యి ఎత్తితే చాలు, ఆగిపోతాను" అంది ఆవిడ. అక్క నా వైపు తిరిగింది. "ఇన్నవా? కాన్పులో కొంగు నోట్లె కుక్కుకున్న గొప్పలు ఈడ వద్దు. నొప్పైతే నొప్పని చెప్పు." తన కుడిచేతి గాజులు తీసి, బోసిగా ఉండకూడదని ఒక్కటి ఉంచుకుని, ఆ చెయ్యి నాకిచ్చింది.

డాక్టరమ్మ చేసేది ముందే చెబుతూ చేసింది. నొప్పి లేదని అబద్ధం ఆడను. పొత్తికడుపు ఒక్కసారి పట్టేసింది. చెయ్యి ఎత్తాను. ఆగిపోయింది! నిజంగా ఆగిపోయింది. సగం భయం అక్కడే పోయింది. కొంచెం ఊపిరి తీసుకుని, కానివ్వమన్నాను. అక్క నా కణుపులు పిసుకుతూనే ఉంది.

"బిగపట్టకు చెల్లె, ఊపిరి ఇడువు. అవునే, మొన్న నాకిచ్చిన చింతపండు పాతదా, కొత్తదా?"

"ఇప్పుడెందుకక్కా నీ చింతపండు!" అని అరిచాను.

"హో గయా" అంది డాక్టరమ్మ. అయిపోయింది.

అక్క చేతి మీద నా గోళ్ళ గుర్తులు ఎర్రగా ఉన్నాయి. "చింతపండు పాతదే, అందుకే అరిచినవ్" అంది. గుడిలో నాకంటే ఎక్కువసేపు కళ్ళు మూసుకుంది. పరీక్షలో చెడ్డ జబ్బేమీ లేదని వచ్చింది. మందులతో తగ్గింది. ఆ తర్వాత మా బజారులో ఎవరికి అలాంటి పరీక్ష రాసినా గాజులక్క చెయ్యే తోడు పోయేది.

నిన్న స్నానం చేయించి పసుపు రాశారు. ముత్తైదువుగా పోయింది కదా, ఆమె కొట్లోవే పచ్చగాజులు తెచ్చారు. చెయ్యి బిగుసుకుపోయింది. తోస్తే ఒకటి పగిలింది. "గట్టిగ నూకండి" అంది ఎవరో పెద్దావిడ. నాకు కోపం ఆగలేదు. "జరగండి" అని వాళ్ళ మధ్యలో కూర్చున్నాను. ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కణుపులు మెల్లగా పిసికాను.

"బిగపట్టకు అక్కా" అన్నాను. ఇవాళ ఏం కూర అని కూడా అడిగాను.

గాజు కణుపుల దాకా వచ్చి ఆగింది. నేను తొయ్యలేదు, ఎవరినీ తొయ్యనివ్వలేదు. అట్లా ఆగిన గాజుతోనే అక్కను పంపించాం.