ముందుగదిలో ఆయన

ఓడల ఇంజిన్ రూముల్లో పనిచేసి చెవులు పోగొట్టుకున్నవాణ్ణి నేను. చెవి మెషిన్ పెట్టుకుంటే గోల వినిపిస్తుంది, మాట వినిపించదు. అందుకని నాకూ నా భార్యకీ మధ్య రెండే రకాల మాటలు మిగిలాయి. అరిచి చెప్పేవి, చీటీ మీద రాసి చూపేవి. మా వీధిలో ఇళ్ళకి గోడలు ఉమ్మడి. ఆవిడ నన్ను కాఫీకి పిలిస్తే పక్కింటాయన కూడా లేచి కూర్చుంటాడు.

కొత్త ఆపరేటింగ్ సిస్టంలో మన మాటల్ని ఎప్పటికప్పుడు అక్షరాలుగా చూపించే సదుపాయం ఉందనీ, దానికి తెలుగూ వచ్చనీ తెలిసి నాకు ప్రాణం లేచొచ్చింది. తీరా నా పాత కంప్యూటర్‌ని పరీక్షిస్తే దానికి అర్హత లేదని తేలింది. ప్రాసెసర్ పాతదట, ర్యామ్ చాలదట, సెక్యూరిటీ చిప్ అసలే లేదట. శుభ్రంగా నడుస్తున్న యంత్రాన్ని పనికిరాదంటే ఏ ఇంజినీరుకైనా ఒళ్ళు మండుతుంది. కొన్నాళ్ళు తిట్టుకుని, చివరికి వెళ్ళి కొత్తది కొన్నాను. మైకులు చాలా చురుకైనవనీ, ఇంటర్నెట్ లేకపోయినా మాటల్ని రాసుకుపోతుందనీ దుకాణంవాడు చెప్పాడు.

దాన్ని ముందుగదిలో కిటికీ పక్కన పెట్టాను. ఎప్పుడూ తెరిచే ఉండే ఆ కిటికీ అవతల ఇంటి సందు. రేవు నుంచి గాలికొచ్చే బొగ్గుదుమ్ముకి భయపడి అక్కడ ఎప్పుడూ మందపాటి కర్టెన్ వేసే ఉంచుతాం. "ఇంకో కంప్యూటరా" అని నా భార్య విసుక్కుంది. అది ఏం చేస్తుందో నేను చెప్పలేదు. అంతా సరిచూసుకుని ఒకేసారి చూపించాలని నా సరదా.

ఆ మధ్యాహ్నం ఆవిడ చర్చిలో ఆడవాళ్ళ ప్రార్థనకి వెళ్ళింది. నేను ఆ సదుపాయం ఆన్ చేసి, నాలుగు మాటలు మాట్లాడి చూసుకున్నాను. తప్పుల్లేకుండా రాసింది. తృప్తిగా నోరు మూసుకుని కూర్చున్నాను. అప్పుడు తెర మీద అక్షరాలు వాటంతటవే పడ్డాయి.

'వచ్చీసారా కూకోండి'

వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. వీధి తలుపు గడియ వేసే ఉంది.

'కాళ్ళు నొప్పులెట్టాయేటి'

ఆ తర్వాత కాసేపు ఏమీ రాలేదు. ఎవరో జవాబు చెప్పడానికి పట్టేంత సేపు.

'అదే మరి నాను ముందే సెప్పలేదేటి'

ఫ్యాను చప్పుడుకి యంత్రం తికమక పడుతోందేమోనని ఫ్యాను ఆపాను. అయినా రాస్తూనే ఉంది. మిగిలింది కిటికీ ఒక్కటే. కర్టెన్ కొంచెం తొలగించాను.

నా భార్య సందులో ఉంది. పెరటి గుమ్మం నుంచి ఎప్పుడొచ్చిందో, పీట మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. ఎదురుగా ఇంకో పీట వేసి ఉంది, ఖాళీగా. ఆవిడ దానితో మాట్లాడుతోంది. ఆగుతోంది, తలూపుతోంది, నవ్వుతోంది. ప్రార్థనేమో అనుకుందామంటే, దేవుణ్ణి ఎవరూ కాళ్ళనొప్పులు అడగరు.

'పెళ్ళైన కొత్తలో ఓడ దిగి ఇలాగే కుంటుకుంటా వచ్చారు'

అలా వచ్చింది నేనే. ఆవిడ మాట్లాడుతున్నది చెవులున్న నాతో. ఆయన ఆ పీట మీద కూర్చుని అన్నీ వింటున్నాడు, జవాబులు కూడా చెబుతున్నాడు. ఆ నవ్వు నేను చూసి ఎన్నేళ్ళయిందో. నాకు భయం వేసింది. అంతకంటే ఎక్కువగా అసూయ కలిగింది.

'డాక్టరమ్మ రొమ్ములో గెడ్డ తీసీయాలంటంది'

'ఎలా సెప్పమంటారు అరిసి సెప్తే ఈదంతా ఇంటాది కాయితమ్మీద రాద్దామంటే సెయ్యి రాలేదు'

ఈసారి చాలాసేపు ఏమీ రాలేదు. బయట ఆవిడ చేతులు కూడా ఆగిపోయాయి.

'ముందుగదిలో ఆయనకి సెప్పకండి'

నేను లేచి సందులోకి వెళ్ళాను. ఆ పీట మీద కూర్చోవడానికి మనసు రాలేదు. ఆవిడ పక్కన నేల మీదే చతికిలబడి, వీలైనంత మెల్లగా అడిగాను.

"ఆపరేషన్ ఎప్పుడంట?"

మీకెలా తెలిసిందని ఆవిడ అడగలేదు. నా వంక కూడా చూడలేదు. ఖాళీ పీట వైపు తిరిగి కోపంగా ఏదో అంది. తర్వాత ఇంకా ఏదో అంది, ఈసారి కోపంగా కాదు. ఆ తడిచేతులతోనే ముఖం కప్పుకుంది. నేను భుజం పట్టుకున్నాను.

మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళినప్పుడు తెర కనిపించింది.

'సెప్పీసారా'

'సెప్పొద్దన్నాను కదండీ'

'బయమేస్తందని కూడా సెప్పీసారా'

గ్లాసులో నీళ్ళు నింపుకున్నాను. తిరిగి సందులోకి వెళ్ళి, ఆ పీటకి తగలకుండా చుట్టూ తిరిగి ఆవిడ పక్కన కూర్చున్నాను.

"అది కూడా సెప్పాడు" అన్నాను.